లాయర్ లేకుండా వీలునామా రాస్తున్నారా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

మా పెదనాన్న తెల్లకాగితం మీద చక్కటి దస్తూరితో వీలునామా రాశారు. కింద సాక్షి సంతకం ఒక్కటే ఉంది. ఆ ఒక్క లోటుతో అది చెల్లలేదు.

• సాక్షులు ఇద్దరు తప్పనిసరి. మీరు సంతకం పెట్టడం ఇద్దరూ చూడాలి, వాళ్లూ మీ ఎదుటే సంతకం చేయాలి (1925 భారత వారసత్వ చట్టం, సెక్షన్ 63). రేపు కోర్టులో కనీసం ఒకరైనా సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు. అందుకే మీకన్నా చిన్నవాళ్లను, ఊళ్లో దొరికేవాళ్లను పిలవండి.

• ఆస్తి దక్కేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టొద్దు. అనుమానాలు అక్కడే మొదలవుతాయి.

• పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. ముస్లింలైతే సాధారణంగా అప్పులు, ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే.

• "ఊళ్లో పొలం" అని వదిలేయకండి. సర్వే నంబరు, విస్తీర్ణం పట్టాదారు పాస్‌బుక్ చూసి దింపండి, నాలుగు హద్దులూ రాయండి.

• బ్యాంకులో నామినీ ఉన్నారని ఆ డబ్బును వదిలేయొద్దు. నామినీ డబ్బు అందుకునే మనిషే, వారసుడు కానక్కర్లేదు.

• కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కనే మీ సంతకం, సాక్షుల సంతకాలు ఉండాలి. నన్నడిగితే, ఆ పేజీ మళ్లీ రాయడమే మేలు.

• తేదీ వేసి, "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని రాయండి.

స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ పెద్ద వయసులో రాస్తుంటే చేయించండి. మతి స్థిమితంగా ఉందని అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి.