కప్ప గుండె దగ్గర నేర్చుకున్న టెన్షన్ వైద్యం

తిరుపతిలో ఫిజియాలజీ ల్యాబ్ అటెండరుగా ముప్పై ఏళ్లు చేశాను. గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా నమోదు చేసే తిరిగే డ్రమ్ము ఉండేది, దాని కాగితానికి దీపం మసి పట్టించడం నా పని. కప్ప గుండె కొట్టుకుంటుంటే ఆ మసి మీద తెల్ల గీతలు పడేవి.

ఒంట్లోంచి బయటికి తీసినా కప్ప గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అడ్రినలిన్ చుక్క వేస్తే గీతలు పొడుగై దగ్గరదగ్గరగా పడతాయి. నరాల చివర్ల నుంచి వెలువడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే పొట్టిగా, ఎడంగా పడతాయి. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం గుండెను నెమ్మది చేసేది ఈ రసాయనం లాంటిదానితోనే అని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త తేల్చింది కూడా కప్ప గుండెల మీదే. దానికే 1936లో నోబెల్ వచ్చింది.

మన ఒంట్లో ఆ రసాయనాల సీసాలు మన చేతిలో ఉండవు. భయం వేయగానే మెదడులో అడ్రినలిన్ లాంటిదే అయిన నోరడ్రినలిన్ పెరుగుతుంది, కిడ్నీల పైనున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. ఆగమంటే ఆగవు. అందుకే ఎవరికీ 'టెన్షన్ పడొద్దు' అని చెప్పకండి. మనవరాలి డ్రైవింగ్ టెస్ట్ రోజు వాళ్లమ్మ ఆ మాట నాలుగుసార్లు అంది. అన్నప్పుడల్లా పాప చేతులు ఇంకాస్త వణికాయి.

మన మాట వినేది ఊపిరి ఒక్కటే. గాలి వదిలేటప్పుడు వేగస్ పని ఎక్కువై గుండె కాస్త నెమ్మదిస్తుంది. నాడి పట్టుకుని చూడండి, వయసులో ఉన్నవాళ్లకు బాగా తెలుస్తుంది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. గబగబా నిండా పీలిస్తే కళ్లు తిరుగుతాయి. పాప మొదట అదే చేసి చింతచెట్టు కింద కూలబడింది.

అడ్రినలిన్ రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది. టెన్షన్‌లో పెరిగే మరో హార్మోను కార్టిసాల్ అలా కాదు, అరగంటకు బాగా పెరిగి తర్వాత మెల్లగా దిగుతుంది. గొడవ ముగిసినా ఒళ్లు కుదుటపడకపోవడం అందుకే. ఆ గంటలో ఎవరికీ ఫోన్ చేసి జవాబు చెప్పకండి, కాఫీ జోలికి పోకండి. నడవండి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కమనడం లేదు, యాభై ఎక్కి దిగినా చాలు.

ఛాతీ బిగపట్టి, చెమటలు పోస్తుంటే మాత్రం ఊపిరి లెక్కలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.

పాప ఆ రోజు ఎనిమిది అంకె తిప్పుతూ కాలు కింద పెట్టేసింది. మళ్లీ వెళ్లాలి. ఈసారి వాళ్లమ్మను ఇంట్లోనే ఉండమన్నాం.