ఆల్జినేట్ వేసినా డ్రెస్సింగ్ విరుగుతోందా? ముందు నీళ్లు చూడండి

సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ పొడితో చిక్కబరిచి, సాయంత్రం తెల్లగా, చిక్కగా సీసాలకు పట్టిన నిమ్మరసం, వేరుశనగ నూనె సలాడ్ డ్రెస్సింగ్ పొద్దున చూస్తే అడుగున నీళ్లు వదిలేసి, విరిగిన పాలలా పలుకులు కట్టి ఉంటుంది. అందరూ ముందు మిక్సర్‌ని అనుమానిస్తారు. దయచేసి ఆగండి.

సీసాని నెమ్మదిగా నాలుగుసార్లు తలకిందులు చేయండి. మళ్లీ కలిసిపోతే నూనె చుక్కలు పైకి తేలాయంతే, అవి బాగానే ఉన్నాయి, నీటి భాగాన్ని కాస్త చిక్కబరిస్తే చాలు. పైన నూనె పొరగా మెరుస్తూ నిలబడితే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, అంటే వాటిని కప్పి విడివిడిగా ఉంచడానికి వేసే వే ప్రోటీన్ (పాల విరుగుడు తేటలోని ప్రోటీన్) రేణువులు చాలలేదు. ఎంత కలిపినా పలుకులు పోవడం లేదా? పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) చూడండి. నిమ్మరసం ఎక్కువై 3.5 కంటే దిగితే ఆల్జినేట్ కరిగి ఉండలేదు. అదీ సరిగ్గానే ఉంటే, నన్ను నెల రోజులు తిప్పిన సంగతి ఇదే.

ఒంగోలు పక్కన మా యూనిట్‌లో బోరు నీళ్లే వాడతాం. మరిగిస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు, అంటే కాల్షియం ఎక్కువున్న నీళ్లు. అవే నీళ్లు, పొదలకూరు నుంచి తెప్పించే అవే నిమ్మకాయలు, అదే కొలత. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి నీళ్లని అసలు అనుమానించలేదు. మారింది ఆల్జినేట్ బస్తా ఒక్కటే, దాని మీదా సోడియం ఆల్జినేట్ అనే ఉంది, చిక్కదనం అంకె కూడా అదే.

కానీ ఆల్జినేట్ గొలుసులో రెండు రకాల ముక్కలుంటాయి, ఎం, జి అంటారు. జి ముక్కలు వరుసగా ఉన్నచోట గుంటల్లాంటివి ఏర్పడతాయి, వాటిలో కాల్షియం గుడ్ల ట్రేలో గుడ్డులా కూర్చుని రెండు గొలుసుల్ని కట్టేస్తుంది. ఎం ఎక్కువున్న పాత బస్తా మా నీళ్లలోని కాల్షియాన్ని ఓర్చుకుంది. జి ఎక్కువున్న కొత్తది బకెట్‌లో కరిగేటప్పుడే కాల్షియంతో ముద్దకట్టి, రేణువుల్నీ నూనె చుక్కల్నీ తనతోపాటు గుంపులుగా లాగేసి, బిగుసుకుంటూ నీళ్లు బయటికి వదిలింది. ఈ నిష్పత్తి నాచు జాతిని బట్టి మారుతుంది, ఒకే మొక్కలో కాడకీ ఆకుకీ కూడా తేడా ఉంటుంది.

మీ బస్తా ఏదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఆర్‌ఓ నీళ్లలో ఒక శాతం ఆల్జినేట్ కరిగించి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలో చుక్కలుగా వదిలి, కొన్ని గంటలాగి ఒక పూసని వేళ్ల మధ్య నొక్కండి. గట్టిగా ఉండి పటుక్కున పగిలితే జి ఎక్కువ. మెత్తగా సాగి అణిగితే ఎం ఎక్కువ. తెలిసిన పాత బస్తా పూసల్ని పక్కన పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. కొనేటప్పుడు చిక్కదనం ఒక్కటే కాకుండా ఎం/జి నిష్పత్తి కూడా అడగండి, కాగితం మీద రాయించుకోండి.

పాత నిల్వ వల్ల ఆల్జినేట్ పలచబడటం, మిక్సర్ బ్లేడు అరగడం లాంటివి నేను చూసింది తక్కువ, వాటిని చివర్లో చూడండి.

వీలైతే ఆర్‌ఓ నీళ్లకి మారండి. బోరు నీళ్లే గతి అంటే సోడియం సిట్రేట్ ముందు నీళ్లలో కరిగించి కాల్షియాన్ని దానికి పట్టించి, ఆ తర్వాతే ఆల్జినేట్ చల్లండి. పాలపొడి, పెరుగు వాడే వాళ్లకి అందులోంచి కూడా కాల్షియం వస్తుంది, ఆ లెక్కా వేసుకోండి. వరుస తప్పి ఆల్జినేట్ ముందు వేశారంటే, కట్టిన పలుకుల్ని సిట్రేట్ తర్వాత వేసినా కరిగించగలదు గానీ నెమ్మదిగా, అయినా పలుకులు మిగిలితే ఆ బకెట్ పారబోసి కొత్తగా మొదలుపెట్టండి.