దగ్గరి ఫీడర్ ఫాల్ట్‌తో పీటీఆర్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్) ట్రిప్ అయిందా? మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) ఒక్కటే చూసి ఛార్జ్ చేయొద్దు

సమస్య: సబ్‌స్టేషన్ బయటే 11 కేవీ లైన్ మీద కొమ్మ పడింది. ఫీడర్‌తో పాటు 33/11 కేవీ పీటీఆర్ కూడా బుకోల్జ్ (లోపల గ్యాస్ చేరినా, ఆయిల్ తోసుకొచ్చినా పనిచేసే రిలే) మీద పోయింది. రిలేలో గ్యాస్ లేదు, మెగ్గర్ బాగుంది, ఛార్జ్ చేస్తే నిలబడింది. ఇలా నాలుగైదు ఫాల్టులు తిన్నాక ఓ రోజు డిఫరెన్షియల్ (రెండు వైపుల కరెంట్ల తేడా చూసే రిలే) మీద పోతుంది, ఇక లేవదు.

కారణం: 5 ఎంవీఏ, 7.15 శాతం ఇంపెడెన్స్ పీటీఆర్‌కు 11 కేవీ వైపు ఫుల్ లోడ్ 262 ఆంప్స్. బస్ దగ్గర మూడు ఫేజులూ కలిస్తే దాదాపు 3,670 ఆంప్స్, అంటే 14 రెట్లు. వైండింగ్ మీద పడే బలం కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 196 రెట్లు. మొదటి అర సైకిల్‌లో ఇంకా ఎక్కువే. లోపలి ఎల్‌వీ (11 కేవీ) వైండింగ్ కోర్ వైపు నలుగుతుంది, హెచ్‌వీ (33 కేవీ) బయటికి సాగుతుంది. ప్రెస్‌బోర్డ్ (ఇన్సులేషన్ అట్ట) పాతబడి కుంచించుకుపోతే బిగింపు వదులై, ప్రతి ఫాల్ట్‌కూ కాయిల్ పైకీ కిందికీ ఎగురుతుంది. ఆ కుదుపుకు ఆయిల్ కన్సర్వేటర్ (పైనున్న ఆయిల్ డ్రమ్ము) వైపు తోసుకొచ్చి బుకోల్జ్ సర్జ్ ఫ్లోట్‌ను కొడుతుంది. గ్యాస్ లేని ట్రిప్‌కు ఇదొక కారణం. ఇన్సులేషన్ చిరగనంత వరకు మెగ్గర్‌కు ఇదేమీ కనబడదు.

పిడుగు సంగతి వేరు. దాని వోల్టేజ్ మైక్రోసెకన్లే ఉంటుంది, లైన్ వైపు చుట్ల ఇన్సులేషన్‌ను పొడుస్తుంది. వైండింగ్‌ను వంచేది ఆ వెనక నడిచే ఫాల్ట్ కరెంటే.

పరీక్ష: ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, డిస్చార్జ్ చేసి, రెండు వైపులా జంపర్లు విప్పండి. ట్యాప్ (చుట్ల సంఖ్య మార్చే స్విచ్) నార్మల్‌లో పెట్టి, 11 కేవీ బుషింగులు మూడూ మందపాటి రాగి తీగతో షార్ట్ చేసి, హెచ్‌వీకి 415 వోల్టుల త్రీఫేజ్ ఇవ్వండి. హెచ్‌వీలో సుమారు 15.4, ఎల్‌వీలో 46 ఆంప్స్ రావాలి. సప్లై కచ్చితంగా 415 ఉండదు, వోల్టేజ్ కూడా కొలిచి, దాన్ని కరెంట్‌తో భాగించి ఇంపెడెన్స్ లెక్క కట్టండి; 415కు 15.4 అంటే 7.15 శాతం. ఐఈసీ 60076-5 ఈ సైజుకు షార్ట్ సర్క్యూట్ టెస్ట్ తర్వాత ఒప్పుకునే మార్పు 2 శాతమే: 7.15 అయితే 7.01 నుంచి 7.29 దాకా. షార్టింగ్ వదులుగా ఉంటే రీడింగ్ తప్పుదారి పట్టిస్తుంది. తేడా వస్తే ముందు దాన్ని మళ్లీ బిగించి చూడండి.

హెచ్‌వీ డెల్టా కాబట్టి ఒక లింబ్ (కోర్ స్తంభం) మీది కాయిల్ వంగినా రెండు లైన్ల కరెంట్లు మారతాయి. లింబ్ తేల్చాలంటే ఒక్కో హెచ్‌వీ జతకు 230 వోల్టులిచ్చి, దానికి సరిపడే ఎల్‌వీ ఫేజ్‌ను న్యూట్రల్‌తో షార్ట్ చేయండి. ఒక్కోదానికీ 4.9 ఆంప్స్ దగ్గర ఉండాలి.

పరిష్కారం: మార్పు 2 శాతం దాటితే ఛార్జ్ చేయొద్దు. పాత ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ (వేర్వేరు ఫ్రీక్వెన్సీలకు వైండింగ్ స్పందన చూసే పరీక్ష) గ్రాఫ్ ఉంటే అదే ట్యాప్‌లో తీసి పోల్చండి, ఆయిల్‌లో ఎసిటిలీన్ (లోపల ఆర్క్ జరిగితే పుట్టే గ్యాస్) చూడండి. వంగిన కాయిల్‌ను సైట్‌లో సరిచేయలేం, మార్చాల్సిందే. వదులైన బిగింపు మాత్రమే అయితే రిపేర్ షాపులో ఆరబెట్టాక తయారీదారు చెప్పిన ప్రెజర్‌తో బిగించాలి.

రీడింగ్ బాగుంటే ఫీడర్ మీద పని ఉంది. సబ్‌స్టేషన్ దగ్గరి స్పాన్లలో కొమ్మలు కొట్టించండి. ఫీడర్ రిలే ఇన్‌స్టంటేనియస్ (ఆలస్యం లేకుండా ట్రిప్ చేసే) సెట్టింగ్, ట్రిప్ బ్యాటరీ వోల్టేజ్ చూడండి. ఫాల్ట్ కరెంట్‌ను పీటీఆర్ తట్టుకునేది 2 సెకన్లు. బ్యాటరీ చచ్చి ఫీడర్ బ్రేకర్ కదలకపోతే 33 కేవీ వైపు బ్రేకర్ పడేదాకా ఆ కరెంటంతా పీటీఆరే మోస్తుంది.