జెండర్ స్టడీస్ ఉద్యోగాలకి అప్లై చేసే ముందు ప్రకటన చదవడం నేర్చుకోండి

పీహెచ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉన్నారా? కవర్ లెటర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు అమెరికా, యూరప్ యూనివర్సిటీల్లో జెండర్ స్టడీస్, కల్చరల్ స్టడీస్‌లో కిందటేడు వచ్చిన ఓ పది ఉద్యోగ ప్రకటనలు ప్రింట్ తీసుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. నేను మొదటి ఏడాది ఈ పని చెయ్యలేదు. ఒకే లెటర్‌ని అక్కడో ముక్క ఇక్కడో ముక్క మార్చి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు కనిపించిన ప్రతి చోటికీ పంపించాను, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. రెండో ఏడాది అందులో సగం చోట్లకే పంపితే నాలుగు చోట్ల పిలిచారు. మధ్యలో నా థీసిస్ ఏమీ మారలేదు, ప్రకటన చదవడం కాస్త వంటబట్టింది, అంతే.

మన ప్రకటనలు చదవడం ఎందుకంత కష్టమంటే, చరిత్ర శాఖకి మధ్యయుగం మీద పనిచేసేవాళ్లు కావాలంటే వాళ్లు ఆ ముక్కే రాస్తారు. జెండర్ స్టడీస్ ప్రకటనలో మాత్రం "జెండర్, సెక్సువాలిటీ, జాతి, వలసలు, మీడియా, పర్యావరణం, డిజిటల్ సంస్కృతి, వీటిలో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అంశాల మీద పనిచేసేవారు" అని ఉంటుంది. చదవగానే అరె, ఇది నా కోసమే రాశారే అనిపిస్తుంది. చదివిన ప్రతివాళ్లకీ అలాగే అనిపిస్తుంది. ఆ జాబితాలో ఒక్కో మాట వెనక ఒక్కో ప్రొఫెసరో, ఒక్కో శాఖో ఉంటుంది. పోస్టు మంజూరు చేయించుకోవడానికి రెండు మూడు శాఖలు కలిసి డీన్ దగ్గరికి వెళ్లి ఉంటాయి, ఎవరికి కావాల్సిన మాట వాళ్లు అందులో ఇరికించి ఉంటారు. ఈ ఉద్యోగంలో చివరికి ఎవరి మాట చెల్లుతుంది అన్నదే మీరు పట్టుకోవాల్సిన సంగతి.

ఈ చిక్కు ఈనాటిది కాదు. అమెరికాలో మొదటి విమెన్స్ స్టడీస్ ప్రోగ్రామ్ 1970లో శాన్ డియాగో స్టేట్‌లో మొదలైంది, ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి డిపార్ట్‌మెంట్ హోదా లేదు, ప్రోగ్రామ్ అన్న పేరే. సొంత పోస్టులు లేక ఇంగ్లీష్ నుంచి ఒకరిని, సోషియాలజీ నుంచి ఒకరిని అరువు తెచ్చుకుని క్లాసులు నడిపారు. ఆ పద్ధతే ఇవాళ జాయింట్ అపాయింట్‌మెంట్ పేరుతో కొనసాగుతోంది. కాబట్టి ప్రకటనలో "ప్రోగ్రామ్" అని ఉందా "డిపార్ట్‌మెంట్" అని ఉందా అన్నది చిన్న విషయం కాదు. డిపార్ట్‌మెంట్ అయితే మామూలుగా టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ కావడం) ఓటు దాని చేతిలో ఉంటుంది. ప్రోగ్రామ్ అయితే చాలాచోట్ల ఆ ఓటు ఇంకో శాఖది, అంటే మిమ్మల్ని ఇష్టపడి తీసుకున్నవాళ్లు ఒకరు, ఆరేళ్ల తర్వాత మీ పుస్తకాన్ని తూకం వేసేవాళ్లు వేరొకరు.

దీన్ని ఎక్కడ చూడాలంటే, ముందు పోస్టు పేరులో మాటల వరస చూడండి. "సోషియాలజీ అండ్ జెండర్ స్టడీస్" అని ఉంటే చాలాసార్లు మొదటి పేరు ఉన్న శాఖే ఇంటి యజమాని. పీహెచ్‌డీ ఎందులో ఉండాలన్నారో చూడండి. "జెండర్ స్టడీస్ లేదా సంబంధిత రంగం" అంటే తలుపు తెరిచే ఉంది, "ఆంత్రపాలజీలో పీహెచ్‌డీ" అని ఉంటే మీరు లిటరేచర్ నుంచి వచ్చి ఎంత గొప్ప ఎత్నోగ్రఫీ చేసినా కష్టమే, ఆ సాయంత్రం వేరే అప్లికేషన్ మీద పెట్టుకోండి. టెన్యూర్ హోమ్ (మీ టెన్యూర్ సంగతి తేల్చే శాఖ) అనే మాట, వాటా శాతాలు (యాభై-యాభై లాంటివి), ఏడాదికి ఎన్ని కోర్సులు చెప్పాలి, అవి ఏ శాఖ కోర్సులు అన్నవి కూడా గీత గీసుకోండి. ఇవేవీ లేకపోతే సెర్చ్ కమిటీ (అభ్యర్థులని ఎంచుకునే కమిటీ) చైర్‌కి రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి: "ఈ పోస్టుకి టెన్యూర్ హోమ్ ఏ శాఖలో ఉంటుంది?" అడిగితే ఏమనుకుంటారో అని నేను చాన్నాళ్లు మొహమాటపడ్డాను. ఎవరూ ఏమీ అనుకోరు. కొన్నిసార్లు వాళ్లే ఇంకా తేల్చుకోలేదని తెలుస్తుంది, అదీ పనికొచ్చే సమాచారమే.

ఇంకో సంగతి, ఆ శాఖ నాలుగు కాలాలు నిలుస్తుందా అన్నది. పేరు గొప్పదైతే ఢోకా లేదనుకోకండి. కల్చరల్ స్టడీస్‌కి పుట్టిల్లు లాంటి బర్మింగ్‌హామ్ సెంటర్ 1964లో మొదలైంది, దాని వారసత్వంగా నడిచిన శాఖని ఆ యూనివర్సిటీయే 2002లో మూసేసింది. హంగరీ ప్రభుత్వం 2018లో జెండర్ స్టడీస్ మాస్టర్స్ డిగ్రీలకి గుర్తింపు తీసేసింది, సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీ బుడాపెస్ట్ నుంచి వియన్నాకి వెళ్లిపోయింది. ఫ్లోరిడాలో న్యూ కాలేజ్ ట్రస్టీలు 2023లో జెండర్ స్టడీస్‌ని ఎత్తేసే పని మొదలుపెట్టడానికి ఓటేశారు. అప్లై చేసే ముందు ఆ శాఖ వెబ్‌సైట్‌లో గత మూడేళ్ల కోర్సుల జాబితా తీసి చూడండి. సొంతంగా డిగ్రీ ఇస్తోందా, మైనర్ (వేరే డిగ్రీకి తోడుగా చదివే చిన్న కోర్సు) మాత్రమేనా, పూర్తికాలం ఫ్యాకల్టీ ఎంతమంది, "అఫిలియేట్" (వేరే శాఖలో ఉంటూ ఇక్కడ కూడా పేరున్నవాళ్లు) అని రాసినవాళ్లు ఎంతమంది. ముప్పై మంది అఫిలియేట్లు, ఇద్దరే సొంత మనుషులు ఉన్నారంటే మూడో మనిషిగా చేరే మీ మీద ఎంత పని పడుతుందో ఊహించుకోండి.

ఇక ఎక్కడ వెతకాలి. అమెరికా, కెనడా పోస్టులకి హెచ్-నెట్, హయ్యర్‌ఎడ్‌జాబ్స్, నేషనల్ విమెన్స్ స్టడీస్ అసోసియేషన్ వాళ్ల జాబితా, లిటరేచర్ వైపు ఉంటే ఎమ్మెల్యే జాబ్ లిస్ట్ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్‌ది లెండి, మీరనుకునే ఎమ్మెల్యే కాదు). బ్రిటన్‌కి జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, యూరప్‌కి యూరాక్సెస్. అలర్ట్ పెట్టుకునేటప్పుడు "జెండర్" ఒక్కటే పెడితే సగం పోతాయి. ఫెమినిస్ట్, క్వీర్, సెక్సువాలిటీ, విమెన్స్, ఇంటర్‌డిసిప్లినరీ, అమెరికన్ స్టడీస్, ఎత్నిక్ స్టడీస్, సైన్స్ అండ్ టెక్నాలజీ స్టడీస్, ఇవన్నీ పెట్టండి. మతం, భౌగోళికశాస్త్రం, ప్రజారోగ్యం శాఖల్లో కూడా మన పోస్టులు దాక్కుని ఉంటాయి.

టైమింగ్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో టెన్యూర్ ట్రాక్ ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబర్ లోపు వస్తాయి, వీడియో ఇంటర్వ్యూలు నవంబర్ నుంచి జనవరి దాకా, క్యాంపస్‌కి పిలవడం జనవరి-ఫిబ్రవరిలో, చేరడం వచ్చే ఆగస్టులో. ఏడాది కాలపు విజిటింగ్ పోస్టులు మాత్రం వసంతంలో కూడా వస్తూనే ఉంటాయి, కాబట్టి ఫిబ్రవరిలో గుండె జారవిడుచుకోకండి. బ్రిటన్‌లో ఏడాది పొడవునా వస్తాయి. అన్నట్టు అక్కడ లెక్చరర్ అంటే సాధారణంగా అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయి, అమెరికాలో లెక్చరర్ అంటే ఎక్కువసార్లు టెన్యూర్ లేని కాంట్రాక్టు, పేరు చూసి మోసపోకండి. యూరప్ వెళ్దామనుకుంటే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్) ఉంది. దానికి పీహెచ్‌డీ అయి ఎనిమిదేళ్లు దాటకూడదు, వెళ్లాలనుకున్న దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. గడువు మామూలుగా సెప్టెంబర్‌లో ఉంటుంది కానీ మిమ్మల్ని తీసుకునే ప్రొఫెసర్‌ని ముందే పట్టుకోవాలి, ఆ మాట వసంతంలోనే మొదలుపెట్టాలి. స్వీడన్‌లో అప్లికేషన్లు పబ్లిక్ రికార్డు కిందకి వస్తాయి, బయటి నిపుణులు అభ్యర్థులని పోల్చి రాతపూర్వకంగా రిపోర్ట్ ఇస్తారు. మొదటిసారి చదివితే ఒళ్లు జలదరిస్తుంది, కానీ మన పని పైవాళ్లకి ఎలా కనిపిస్తుందో అంత నిక్కచ్చిగా ఇంకెక్కడా చెప్పరు.

ఇప్పుడు లెటర్. నా మొదటి లెటర్లో "ఇంటర్‌డిసిప్లినరీ" (రెండు మూడు రంగాలు కలిపి పనిచేసే) అన్న మాట ఏడుసార్లు ఉంది, తర్వాత లెక్కపెట్టాను. ఆ పోస్టుకి అప్లై చేసే అందరూ ఇంటర్‌డిసిప్లినరీయే కదా, ఆ మాట వల్ల కమిటీకి తెలిసేదేమీ లేదు. వాళ్లకి కావాల్సింది మీరు రోజూ ఏం చేస్తారన్నది. ఆర్కైవ్‌లో కూర్చుని పాత కోర్టు కాగితాలు చదువుతారా, ఇంటిపని చేసేవాళ్లతో నెలల తరబడి మాట్లాడతారా, సినిమాలు విశ్లేషిస్తారా? రెండు పద్ధతులు కలిపితే రెండోది ఎందుకు అవసరమైందో ఒక్క వాక్యంలో చెప్పండి: "కోర్టు రికార్డుల్లో భర్తల మాటలే ఉన్నాయి, ఆడవాళ్ల మాట కోసం ఉత్తరాలు వెతకాల్సి వచ్చింది" అన్నట్టు. అలా రాస్తే రెండు రంగాలు ఎందుకు కలిశాయో ఎవరూ అడగక్కర్లేదు. నేను చేసే పరీక్ష ఏంటంటే, లెటర్‌ని ఒక చరిత్ర మనిషికి, ఒక సోషియాలజీ మనిషికి, ఒక సాహిత్యం మనిషికి ఇచ్చి, నా థీసిస్ దేని గురించో తిరిగి చెప్పమంటాను. ముగ్గురూ ఇంచుమించు ఒకే మాట చెప్తే పంపిస్తాను. కమిటీలో కూర్చునేది కూడా దాదాపు ఆ ముగ్గురే.

టీచింగ్ పేరాలో చాలామంది "విద్యార్థి కేంద్రంగా బోధిస్తాను" లాంటివి రాసి వదిలేస్తారు. ఆ శాఖ కోర్సుల జాబితా తీసి, ప్రతి ఏడాదీ నడిచే రెండు కోర్సులు పట్టుకోండి. ఒకటి తప్పకుండా మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పరిచయ కోర్సు అవుతుంది, రెండోది ఎక్కువసార్లు ఫెమినిస్ట్ థియరీ. ఆ పరిచయ కోర్సు చెప్పేవాళ్లు దొరక్క చాలా శాఖలు అవస్థ పడుతుంటాయి, దాన్ని ఇష్టంగా చెప్తానని, ఫలానా వారంలో ఫలానా పని చేయిస్తానని రాస్తే చాలు, చదివేవాళ్లు కాస్త నిటారుగా కూర్చుంటారు. మీ సొంత స్పెషల్ కోర్సు ఆ తర్వాతే చెప్పండి. బ్రిటన్ పోస్టు అయితే ఈ వరస వదిలెయ్యండి. అక్కడ తప్పనిసరి అర్హతలు, ఉంటే మంచిదనే అర్హతలు అని జాబితా ఇస్తారు, దాన్ని బట్టే మార్కులు వేస్తారు, కాబట్టి అదే వరసలో, వాళ్ల మాటలే వాడుతూ, ఒక్కోదానికి ఒక్కో ఆధారం చూపించాలి. చదవడానికి చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

డైవర్సిటీ స్టేట్‌మెంట్ (అన్ని రకాల విద్యార్థులకీ చోటుండేలా మీరేం చేస్తారో చెప్పే కాగితం) అడిగితేనే ఇవ్వండి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అడగడమే నిషేధించారు, ఎంఐటీ 2024లో తనంతట తనే మానేసింది. నిరుడు రాసింది ఉంది కదా అని అన్నింటికీ జత చెయ్యకండి.

రిఫరెన్స్ లెటర్లు అడగడానికి ఆరు వారాల ముందైనా వెళ్లండి. ముగ్గురిలో ఒకరు మీ గైడ్ ఉన్న శాఖ బయటివాళ్లు అయితే జాయింట్ పోస్టుకి చాలా బలం. ఇంటర్‌ఫోలియో అనే వెబ్‌సైట్‌లో ఆ లెటర్లు ఒకసారి పెట్టించుకుంటే ప్రతిసారీ వాళ్లని బతిమాలుకునే పని తప్పుతుంది.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న దాదాపు ఖాయం, అది ఎన్ని రకాలుగా అడిగినా ఒకటే: మీరు మాలో ఒకరా, పక్క శాఖ మనిషా? "ఏ పత్రికల్లో అచ్చు వేస్తారు", "ఏ కాన్ఫరెన్సులకి వెళ్తారు" అని అడిగినా అదే ప్రశ్న. దీనికి రెండూ అని తప్పించుకోకండి. సైన్స్‌లో (శాస్త్రం కాదు, Signs, 1975లో మొదలైన ఫెమినిస్ట్ జర్నల్ పేరు) ఒక వ్యాసం, చరిత్ర పత్రికలో ఒకటి అని, ఏది ఎందుకు ఎక్కడికి పంపుతారో చెప్పండి, ఆలోచించి పెట్టుకున్నారని తెలుస్తుంది. క్యాంపస్‌లో జాబ్ టాక్‌కి (మీ పరిశోధన గురించి ఇచ్చే ప్రసంగానికి) రెండు శాఖలవాళ్లూ వస్తారు, వాళ్లలో వాళ్లకి పాత గొడవలు కూడా ఉండొచ్చు. నా టాక్ అయ్యాక ఒకాయన నన్ను అడుగుతున్నట్టే అడుగుతూ నిజానికి పక్కన కూర్చున్న ఇంకో ప్రొఫెసర్‌తో పోట్లాడాడు. నేను మధ్యలో దూరి జవాబు చెప్పబోయి బుక్కయ్యాను. అలాంటప్పుడు "అది నా పుస్తకంలో మూడో చాప్టర్‌కి సంబంధించిన విషయం" అని మీ పని దగ్గరికి లాక్కొచ్చేయండి.

మీ వంతు ప్రశ్నల్లో ఒకటి మాత్రం మర్చిపోకండి. జెండర్ మీద రాసేవాళ్లకి ఆన్‌లైన్లో వేధింపులు కొత్త కాదు, బయటినుంచి ఎవరైనా దాడి మొదలుపెడితే యూనివర్సిటీ ఎవరి పక్కన నిలబడుతుంది, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఎవరు అని అడగండి. చప్పున పేరు చెప్పేవాళ్లు వేరు, ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు వేరు.

ఆఫర్ వచ్చాక జీతం గురించి చర్చ అందరూ చేస్తారు. జాయింట్ పోస్టు అయితే దానికన్నా ముఖ్యమైనది రెండు శాఖల మధ్య రాతపూర్వక ఒప్పందం. అది లేకుండా చేరితే అడకత్తెరలో పోకచెక్కే, రెండు శాఖల మీటింగులు, రెండు శాఖల కమిటీలు, ఇద్దరు చైర్లు, వాటా సగం అన్నా పని మాత్రం రెండింతలు. ఏ శాఖలో ఎన్ని కోర్సులు, కమిటీ పని మొత్తం కలిపి ఎంత, టెన్యూర్ ఫైల్ ఎవరు తయారు చేస్తారు, రెండు శాఖలు ఒప్పుకోకపోతే ఎవరి మాట నెగ్గుతుంది, సగం వాటా ఉన్న ప్రోగ్రామ్ మూతపడితే మీ పోస్టు మొత్తంగా ఏ శాఖకి వెళ్తుంది, ఇవన్నీ అందులో ఉండాలి. నోటిమాటగా "అవన్నీ చూసుకుంటాంలే" అన్న చైర్ మూడేళ్లలో మారిపోతారు. ఆ కాగితం తయారు చేయడానికి డీన్ ఆఫీసుకి టైమ్ కావాలంటే మీ గడువు కూడా అన్ని రోజులు పొడిగించమని అడగండి. మిమ్మల్ని కావాలనుకుని ఎంచుకున్నారు కాబట్టి ఆ వారంలో వినే ఓపిక వాళ్లకి ఉంటుంది, చేరిన తర్వాత ఉండదు.