తెల్లబారిన నల్ల ప్లాస్టిక్ బంపర్‌కి మళ్లీ రంగు

బంపర్ అడుగు భాగం, వీల్ ఆర్చ్‌ల (చక్రాల చుట్టూ ఉండే వంపులు) గరుకు ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపిలీన్. విప్పి వెనక చూస్తే "పీపీ" అని అచ్చు ఉంటుంది. దీనికి మామూలు పెయింట్ పట్టదు, కొన్నాళ్లకే పొరలుగా లేస్తుంది. అందుకే ప్లాస్టిక్ అడ్హీషన్ ప్రమోటర్ (రంగు పట్టేలా ముందుగా కొట్టే స్ప్రే) తప్పనిసరి.

అసలు పనంతా కడగడంలోనే ఉంది. గరుకు ప్లాస్టిక్ గింజల సందుల్లో పాత పాలిష్ తెల్లగా ఇరుక్కుని ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో గిన్నెల సబ్బు వేసి రుద్దాలి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి, ప్రతిసారీ కొత్త గుడ్డతో. పాత పాలిష్‌లోని సిలికాన్ చుక్క మిగిలినా రంగు అక్కడ చేపకన్నులా గుంట పడుతుంది. ఉప్పుకాగితం మాత్రం వద్దు, గరుకు చదునైపోతే తిరిగి రాదు. బూడిదరంగు స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా రుద్దితే చాలు.

చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, ప్రమోటర్ ఒక పలుచని పూత కొట్టండి. డబ్బాపై చెప్పిన గడువులోపే శాటిన్ (తక్కువ మెరుపు) నలుపు ట్రిమ్ పెయింట్ (బయటి ప్లాస్టిక్ భాగాలకు వేసే స్ప్రే రంగు) మొదలుపెట్టాలి. 25 సెంటీమీటర్ల దూరం, మూడు పలుచని పూతలు, మధ్యలో పది నిమిషాలు. మొదటి పూతలో కింది బూడిదరంగు కనిపించినా కంగారుపడి దట్టంగా కొట్టొద్దు, గింజలు పూడి ప్లాస్టిక్ నున్నగా మెరుస్తుంది. వాన ముసురులో, మండుటెండలో ఈ పని పెట్టుకోకండి.

వారం దాకా ప్రెషర్ వాషర్ తగలనీయకండి. తర్వాత కారు షాంపూ, నెలకోసారి నీటి ఆధారిత ట్రిమ్ డ్రెస్సింగ్ (ప్లాస్టిక్‌కి పూసే ద్రవం). బాడీకి మైనం పెట్టేటప్పుడు ప్లాస్టిక్ అంచుకి టేప్ అంటించండి.