కాలువ చివరి పొలానికి నీళ్లు పెట్టుకోవడం

మాది తెనాలికి కింద, కాలువ చివరి ఊరు. మూడెకరాల మాగాణి. మా ఆయన పోయాక పదకొండేళ్లుగా పార నేనే పట్టాను. పట్నంలో ఉద్యోగాలు వదిలి నాన్న పొలం చూసుకుందామని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది, "అక్కా, నీళ్లెప్పుడొస్తాయి?" అని. దానికి జవాబు కావాలంటే నీళ్లొచ్చే దారి తెలియాలి.

మన నీళ్లు విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర మలుపు తిరుగుతాయి. అక్కడ 1855లో ఆనకట్ట పూర్తయింది. 1952లో అది తెగితే, 1957కల్లా ఇప్పటి బ్యారేజీ కట్టారు. చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గానీ అందులో పట్టేది 3 టీఎంసీలే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). నీటిని ఎత్తులో నిలబెట్టి కాలువల్లోకి మళ్లించడం దాని పని. నిలవ ఉండేదంతా పైన: పులిచింతలలో 45 టీఎంసీల పైచిలుకు, ఆ పైన నాగార్జునసాగర్. పట్టిసీమ మోటార్లు ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కూడా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. అందుకే జూన్‌లో నేను బ్యారేజీ మట్టం ఒక్కటే చూసి సంబరపడను. పులిచింతలలో ఎంతుందో పేపర్లో చూస్తాను. అక్కడ అడుగంటితే నారు ఆలస్యంగా పోసుకోవడమే మేలు.

బ్యారేజీకి మన వైపు, సీతానగరం దగ్గర పడమటి కాలువ బయల్దేరుతుంది. దుగ్గిరాల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. అక్కణ్ణుంచి పెద్ద కాలువ, పిల్ల కాలువ, దాని గట్టులోంచి నీళ్లు వదిలే తూము, పొలాలకు పారే సన్న కాలువ అయిన పంటబోదె, చివరికి మన మడి. తూము దాకా సర్కారు బాధ్యత. తూము దాటాక బోదె మనది. ఎండిన పొలాల్లో ఎక్కువ భాగం ఆ చివరి అర కిలోమీటరులోనే ఎండుతాయి.

కాబట్టి పని మే నెలలోనే మొదలవ్వాలి. బోదెలో గుర్రపుడెక్క, తూటికాడ వేళ్లతో సహా పీకాలి. కోసి వదిలితే నెలకే మళ్లీ కమ్ముకుంటాయి. పూడిక తీసేటప్పుడు అందరూ చేసే పొరపాటు, తమ పొలం ఎదుట లోతుగా తవ్వి ఆపేయడం. అక్కడ గుంట పడి నీళ్లు నిలుస్తాయే గానీ ముందుకు సాగవు. తాపీ మేస్త్రీలు వాడే లెవల్ గొట్టం తెచ్చుకోండి. అందులో నీళ్లు నింపి, తూము నుంచి మన మడి దాకా అడుగు మట్టం కొంచెం కొంచెంగా దిగుతోందో లేదో చూసుకోండి. మధ్యలో ఒక్క చోట జానెడు మెరక ఉన్నా నీళ్లు అక్కడే ఆగుతాయి. బోదె మీద బండి దారికి వేసిన సిమెంటు గొట్టాల్లోకి వెదురు కర్ర దూర్చి చూడటం మర్చిపోవద్దు. మా బోదెలో ఒక ఏడు అలాంటి గొట్టంలోంచి ఎరువు బస్తా గుడ్డ ముద్ద బయటపడింది.

కాలువ నీళ్లు వదిలే మనిషి, లస్కరుతో ముందే మాట్లాడుకోవాలి. నేను కాలువ గట్టు మీదికే వెళ్లి అడుగుతాను.

"బాబాయ్, మన తూముకి ఎప్పుడు?"

"పైవాళ్ల దమ్ములు కానీ అమ్మాయ్. ఎల్లుండి రాత్రికి చూసుకో."

దమ్ములంటే నాట్లకు ముందు మడిని నీళ్లతో బురదగా దున్నడం. రాత్రి అంటే రాత్రే. పై ఊళ్లో మడవలు, అంటే నీళ్లకోసం గట్టుకు తీసిన నోళ్లు, మూసుకుని పడుకున్నాక మట్టం పెరుగుతుంది. టార్చిలైటు, పార, రెండు గడ్డి మోపులు పట్టుకుని ఇద్దరు వెళ్లాలి.

ఆ గడ్డి ఎందుకంటే, మొదటి ఏడాది నేను గట్టు నరికి మడవ ఉత్తగా వదిలేశాను. జానెడు నోరు తెల్లారేసరికి రెండు బారలైంది. పక్క చేను వాళ్ల నారుమడి కొట్టుకుపోయింది. నా నారులో సగం వాళ్లకిచ్చాను. ఆ రోజు నుంచి మడవ తీసిన ప్రతిసారీ అడుగున గడ్డి పరిచి, మీద బంకమట్టి పెళ్ల తొక్కి, రెండు అంచుల్లోనూ గడ్డి కుక్కుతాను. నీళ్లు గడ్డి మీద నుంచి దొర్లాలి, మట్టిని తాకకూడదు.

ఎంత పారుతోందో తెలియకుండా నిద్రమేలుకోవడం దండగ. బోదె తిన్నగా ఉన్నచోట ముప్పై అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. గడ్డిపరక వేసి, ఫోన్లో సెకన్లు చూడండి. మా బోదె రెండడుగుల వెడల్పు, నీళ్లు తొమ్మిది అంగుళాల లోతు ఉన్నప్పుడు పరక నలభై సెకన్లలో దాటుతుంది. అంటే సెకనుకు ముప్పావు అడుగు. వెడల్పు, లోతు, వేగం గుణిస్తే ఒకటికి కాస్త పైన వస్తుంది. అడుగున నీళ్లు నిదానం కాబట్టి కొంత తగ్గిస్తే సుమారు ఒక క్యూసెక్కు, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే ఎకరంలో దాదాపు రెండడుగులు నిలుస్తుంది. మా మూడెకరాలకు రెండంగుళాలు కట్టడానికి ఆరేడు గంటలు చాలు. నేల బీటలు వారి ఉంటే ముందు అవి తాగాలి కాబట్టి ఇంకా పడుతుంది.

నాటాక పలచగా రెండంగుళాల లోపే ఉంచండి, పిలకలు బాగా వస్తాయి. యూరియా చల్లే ముందు నీళ్లు తీసేసి, చల్లిన మర్నాడో ఆ మర్నాడో పెట్టండి. చిరుపొట్ట (కంకి ఇంకా కాండం లోపల ఉండే దశ) నుంచి గింజ పాలు పోసుకునే దాకా మాత్రం మడి ఆరకూడదు. వంతు దొరకదని తెలిస్తే ఆ రోజులకి ఆయిల్ ఇంజను ముందే మాట్లాడుకోండి. మా సాంబమసూరికి ఆ దశ అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. అప్పుడే తుపాన్లూ వస్తాయి. అందుకని మురుగుకాలువ వైపు మడవ కూడా బాగుచేసి పెట్టుకోవాలి. నీళ్లు తెచ్చుకున్నంత శ్రద్ధ పోయే దారి మీద పెట్టనివాళ్ల వరి పడిపోయి మొలకెత్తడం కళ్లారా చూశాను.

కోతకు పది రోజుల ముందు నీళ్లు పూర్తిగా తీసేయండి. రెండు మూడు రోజుల ముందు పైరులోనే మినుములు చల్లుతాం. అప్పటికి నేల ఎలా ఉండాలంటే, అడుగేస్తే పాదం గుర్తు పడాలి, ఆ గుర్తులో నీళ్లు ఊరకూడదు.