అటక మీది కంప్యూటరు దిగిందా? ప్లగ్గు జోలికి పోకండి

దసరాకి బొమ్మల కొలువు పెట్టాలంటే అటక దులపాలి. చెన్నైలో పాత కంప్యూటర్లు కిందికి దిగేది ఎక్కువగా ఆ వారంలోనే. ఈశాన్య రుతుపవనాలు వాకిట్లోకి వచ్చేదీ అప్పుడే, గాలి తడిబట్టలా బరువెక్కేదీ అప్పుడే. ఈసారి ఆయుధ పూజకి నగరంలో ఒక ఇంట్లో బీబీసీ మైక్రో అనే 1980ల నాటి కంప్యూటరుని శుభ్రంగా తుడిచి, గంధం, కుంకుమ పెట్టి స్విచ్ వేశారు. బీప్‌మంది. టీవీ మీద అక్షరాలూ వచ్చాయి. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. పది నిమిషాలకి లోపల ఏదో టప్‌మని పేలింది, గొంతు పట్టేసే పొగ గదంతా కమ్మింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు.

తడిచేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని దూరంగా ఉంచండి లాంటివి మీకు తెలియనివి కావు కాబట్టి వదిలేస్తున్నాం. ఎక్కువమందిని ముంచుతున్న తప్పు ఒక్కటే ఉంది: “వెలుగుతుందో లేదో ఒక్కసారి పెట్టి చూద్దాం” అనుకోవడం. ఆ ఒక్కసారే చాలు. నలభై ఏళ్ళు అటక మీద, గోదాములో క్షేమంగా ఉన్న యంత్రం మీ చేతికి వచ్చిన పది సెకన్లలో పోతుంది.

చప్పుడు చేసే చావు, చేయని చావు

పైన చెప్పిన పొగ రిఫా అనే కంపెనీ కెపాసిటర్లది (కెపాసిటరంటే కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగం). బీబీసీ మైక్రో సప్లైలో, అంటే గోడ కరెంటుని యంత్రానికి తగ్గించి ఇచ్చే పెట్టెలో, కరెంటు లోపలికి వచ్చే చోట, పసుపుగా పారదర్శకంగా ఉంటాయి. రెండు: 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, 0.01ది ఒకటి. వాటి లోపల ఉన్నది లోహపు పూత పూసిన కాయితం. ఏళ్ళు గడిచేకొద్దీ పైపెంకు మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి కాయితం తేమ తాగుతుంది. 230 వోల్టులు తగిలితే వేడెక్కి, ఉబ్బి, పగులుతుంది. తిరువాన్మియూరులోనో బెసెంట్ నగర్‌లోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉన్నదైతే ఇక చెప్పేదేముంది! ఇవాళ పేలకపోతే వచ్చే వారం పేలుతుంది.

అయినా ఇది చూడ్డానికి భయంకరమే గాని నష్టం తక్కువ. కెపాసిటరు ఖరీదు కొద్ది రూపాయలు, బోర్డుకి సాధారణంగా ఏమీ కాదు. పొగ వచ్చిందంటే బతికిపోయారనే అనుకోండి.

అసలు కొంప ముంచేది చప్పుడు చేయనిది. కమొడోర్ 64తో వచ్చిన ఇటుకలాంటి అడాప్టరు తీసుకోండి. లోపలంతా ఎపాక్సీ, అంటే రాయిలా గట్టిపడే జిగురు, పోసి మూసేశారు. వేడి బయటికి పోయే దారి లేదు, విప్పి బాగుచేసే వీలూ లేదు. ఏళ్ళ తరబడి ఆ వేడికి వోల్టులని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడై, 5 వోల్టులు ఇవ్వాల్సిన తీగ మీద 7, 8, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వదులుతుంది. పొగ రాదు, వాసన రాదు, ఫ్యూజూ కొట్టదు. నీలం తెర వచ్చి, గజిబిజిగా మారి, నల్లబడుతుంది. ఆపాటికే మెమరీ చిప్పులు పోయాయి. శబ్దం పుట్టించే 6581 సిడ్ చిప్పు కూడా పోయిందేమో. ఇప్పుడు ఆ చిప్పు ఎవరూ తయారు చేయడం లేదు. అటారీ 800ఎక్స్‌ఎల్‌తో వచ్చిన సప్లైల్లో ఒక రకాన్ని సేకరణదారులు “ఇంగాట్” అంటారు, అంటే లోహపు కడ్డీ. అదీ ఎపాక్సీ దిమ్మే, అదీ ఇలాగే చంపుతుంది.

మీటరు పెట్టి చూశాం, సరిగ్గా 5 వోల్టులే వచ్చింది అంటారు కొందరు. చల్లగా ఉన్నప్పుడు, లోడు లేనప్పుడు, అంటే దానికి ఏదీ తగిలించనప్పుడు, వస్తుంది. పావుగంట వేడెక్కాక చూడండి. అందుకే కమొడోర్ ఇటుక విషయంలో మా మాట ఒకటే: పరీక్షించనే వద్దు, పక్కన పడేయండి. కొత్త సప్లై కట్టించుకోండి. 5 వోల్టుల డీసీ రెండు ఆంపియర్లకి తగ్గకుండా, 9 వోల్టుల ఏసీ ఒక ఆంపియరు. ఆ రెండోది ఏసీయే, డీసీ కాదు. ఏడు పిన్నుల ప్లగ్గులో 5వ, 2వ పిన్నుల మధ్య 5 వోల్టులు (2వది గ్రౌండు), 6, 7 పిన్నుల మధ్య 9 వోల్టుల ఏసీ రావాలి. 5 వోల్టులది 5.5 దాటగానే తెగిపోయే రక్షణ సర్క్యూటు ఒకటి మధ్యలో వేయించుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

కొనేచోట

మామూలు వస్తువు కొనేటప్పుడు “పెట్టి చూపించండి” అంటాం. ఇక్కడ తిరగేసి చెప్పాలి: “దయచేసి పెట్టొద్దు.” మూర్ మార్కెట్‌లోనైనా, ఇక్కడివాళ్ళు కాయలాంకడై అనే పాత సామాన్ల కొట్లోనైనా, దుకాణం అతను మీ మీద అభిమానం కొద్దీ ప్లగ్గు లేని వైర్లు రెండూ సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చి “చూడండి సార్, లైటు వెలిగింది” అంటాడు. ఆ లైటు వెలిగినంత సేపట్లోనే మీరు కొనబోయేది పోతుంది. పని చేస్తుందో లేదో తెలియని యంత్రంగానే బేరమాడండి. ధర తగ్గుతుంది, యంత్రమూ బతుకుతుంది.

బీబీసీ మైక్రోలు మన దగ్గర బడుల గోదాముల్లోంచి రావడానికి కారణం ఉంది. బడిపిల్లలకి కంప్యూటరు నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ పథకం కింద బడులకి ఇచ్చింది వాటినే. సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్ళు దాన్నే యూనికార్న్ అనే పేరుతో ఇక్కడ తయారుచేశారు. బడి యంత్రమంటే చాలా చేతులు పడ్డది. లోపల ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉండొచ్చు, ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది ఉండొచ్చు. పైన మూత మెరుస్తోందని నమ్మకండి.

విప్పే వరస

ప్లగ్గు గోడకే కాదు, యంత్రానికి కూడా దూరంగా పెట్టి మొదలుపెట్టండి. మూత తీయగానే చూడాల్సింది చిప్పులు కాదు, బల్లి. ఎండిపోయిన బల్లి సప్లై టెర్మినళ్ళ మధ్య అడ్డంగా పడి ఉండటం మన ఊళ్ళో వింత కాదు. బొద్దింకల రెట్ట, చీమల మట్టి కూడా తేమ పీల్చి కరెంటుకి దారి వేస్తాయి. మెత్తని కుంచెతో దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. దీపం దగ్గర పెట్టుకుని ఆ పని చేయకండి.

తర్వాత సప్లైని బోర్డు నుంచి విడదీయండి. బీబీసీ మైక్రోలో సప్లై నుంచి బోర్డుకి ఏడు తీగలు: మూడు ఎరుపు, మూడు నలుపు, ఒకటి ఊదా. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, ఊదా మైనస్ 5. పీకే ముందు ఫోటో తీయండి. ఎరుపు, నలుపు ఒక్కసారి తారుమారైతే ఈ వ్యాసమంతా మీకు అనవసరం.

సప్లై విప్పితే లోపలి పెద్ద కెపాసిటరు మీద 325 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు, ప్లగ్గు పీకాక కూడా. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకండి. 100 వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టి, వాటితో ఖాళీ చేసి, మీటరులో 10 వోల్టుల లోపు చూపించాకే చెయ్యి పెట్టండి. రిఫాలు రెండూ తీసేసి, అదే విలువ గల ఎక్స్2 తరగతి (గోడ కరెంటు మీద వాడటానికే చేసినవి), 275 వోల్టుల ఏసీ లేదా ఆపై పాలీప్రొపైలిన్‌వి వేయండి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మామూలు 400 వోల్టుల డీసీ కెపాసిటరు ఇచ్చి “ఇదీ అదే సార్” అంటే తీసుకోకండి. ఎక్స్2 అన్న గుర్తు ఒంటి మీద అచ్చయి ఉండాలి. కాళ్ళ మధ్య దూరం ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళండి.

అప్పుడు, బోర్డు లేకుండా, సప్లైకి కరెంటు. మన మెకానిక్కులు వాడే సిరీస్ బల్బే, అంటే కరెంటు తీగకి మధ్యలో కట్టిన ఫిలమెంటు బల్బే, దీనికి మంచిది, 60 వాట్లది. బల్బు ఒకసారి మెరిసి సన్నగిల్లితే మంచిదే, నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు. ఎరుపు, నలుపుల మధ్య 4.7 ఓమ్స్, 10 వాట్ల సిమెంటు రెసిస్టరు కట్టండి, లోడు లేకపోతే ఈ రకం సప్లై చెప్పే అంకె నమ్మలేం. రెసిస్టరు వేలు కాలేంత వేడెక్కుతుంది, పలక మీద పెట్టండి. బల్బు నిలకడగా ఉంటే దాన్ని తీసేసి నేరుగా 230 మీద ఇరవై నిమిషాలు నడిపి, మళ్ళీ కొలవండి. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. అది దాటితే బోర్డు దగ్గరికి తీసుకెళ్ళకండి.

ఒక్క మాట. సిరీస్ బల్బు ఉంది కదా అని బోర్డుతో సహా పెట్టేవాళ్ళున్నారు. బల్బు 230 వైపు షార్టు అయితే కాపాడుతుంది. 5 వోల్టులు 8 అయితే దానికి తెలియదు, అది సన్నగానే వెలుగుతూ ఉంటుంది, చిప్పులు పోతూ ఉంటాయి. మళ్ళీ చెప్తున్నాం: సప్లైని విడిగా, లోడు మీద, వేడెక్కాక కొలవనిదే బోర్డుకి తగిలించకండి.

మిగతావి, వరస లేకుండా

సింక్లెయిర్ వాళ్ళ స్పెక్ట్రమ్ కంప్యూటరుకి 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు, ప్లగ్గు మధ్యలో మైనస్. బజార్లో దొరికే అడాప్టర్లు సాధారణంగా మధ్యలో ప్లస్. పెట్టే ముందు మీటరుతో చూడండి. గిటారు పెడళ్ళ అడాప్టర్లు మధ్యలో మైనస్సే, కానీ ఆంపియర్లు చాలవు, చూసి కొనండి.

అదే కంపెనీ జెడ్ఎక్స్81దీ 9 వోల్టులే, కానీ ధ్రువాలు వేరు. రెండూ ఒకే డబ్బాలో కలిపి పెట్టకండి.

స్పెక్ట్రమ్ వెనక అంచుకి జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేసు పెట్టేటప్పుడూ, తీసేటప్పుడూ కరెంటు తీసేయండి. ఒక్కసారి కదిలితే 4116 మెమరీ చిప్పుల వరస పోతుంది.

అమెరికా నుంచి చిన్నాన్న తెచ్చినదైతే అడుగున చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. ప్రయాణాల్లో వాడే పిన్ను మార్చే అడాప్టరు వోల్టులు మార్చదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనే బదులు ఆ ముసలి సప్లైనే వదిలేసి కొత్తది కట్టించండి.

అమీగా 500 అదనపు మెమరీ కార్డు మీద, పాత 286, 386 బోర్డుల మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. కారినా, కారకపోయినా కత్తిరించి తీసేయండి. కారిన చోట పచ్చగా, నీలంగా ఉంటుంది. అది క్షారం. తెల్ల వెనిగరు దూదితో తుడిచి, మంచినీటితో, తర్వాత ఆల్కహాలుతో కడగండి. చేతికి తొడుగు వేసుకోండి.

కమొడోర్ లోపల 1.5 ఆంపియర్ల ఫ్యూజు పోతే 1.5దే వేయండి. తీగ చుట్టకండి.

రెండు పిన్నుల సాకెట్టుకి బీబీసీ మైక్రో తగిలించకండి. ఎర్తు లేకపోతే లోహపు భాగాలు జిల్లుమంటాయి, అదే జిల్లు వీడియో తీగ గుండా చిప్పులకీ తగులుతుంది. టీవీ తీగ ముందు, కరెంటు తర్వాత.

దానికి తోడుగా దొరికిన సాలిడేర్, డయనోరా టీవీ వెనక మూత తీయకండి. తుడవడానికి కూడా తీయకండి. పిక్చరు ట్యూబులో వేల వోల్టులు రోజుల తరబడి నిలుస్తాయి.

పిడుగులు పడుతుంటే స్విచ్ తీస్తే చాలదు, ప్లగ్గు పీకండి. కేబుల్ టీవీ తీగ కూడా పీకండి.

వాన రాత్రి కరెంటు పోయి వచ్చిందా, పది నిమిషాలు ఆగండి.

చవక ఇన్వర్టరు మీద నడపకండి. చతురస్రపు తరంగానికి పాత ట్రాన్స్‌ఫార్మర్లు రొదపెట్టి వేడెక్కుతాయి.

ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చి వెంటనే పెట్టకండి. చల్లటి బోర్డు మీద తేమ చెమటలా పడుతుంది. రెండు గంటలు ఆగండి.

ఫ్లాపీ కిటికీలో తెల్లటి మచ్చలు కనిపిస్తే డ్రైవులో పెట్టకండి. అది బూజు. డిస్కు గీసుకుపోతుంది, హెడ్డుకి అంటుకుంటుంది, తర్వాత పెట్టే ప్రతి మంచి డిస్కుకీ పాకుతుంది. క్యాసెట్లకీ ఇదే మాట.

పెట్టెలో సిలికా జెల్ వేయండి. నీలిరంగుది గులాబీరంగుకి తిరిగిందంటే నిండిపోయినట్టు. ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూయకండి, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది.

నేల మీద, మంచం కింద పెట్టకండి. 2015 డిసెంబరు వరదా, 2023 డిసెంబరు వరదా గుర్తుంచుకోండి.

నీళ్ళలో మునిగిందా? ఎండలో పెట్టి మర్నాడు స్విచ్ వేయకండి. మంచినీటితో మట్టి పోయేదాకా కడిగి, డిస్టిల్డ్ వాటరుతో, ఆపైన ఆల్కహాలుతో కడిగి, ఫ్యాను కింద వారమైనా ఆరబెట్టండి. తడిసిన ట్రాన్స్‌ఫార్మరుని మెగ్గరు (కరెంటు బయటికి కారుతోందేమో చూసే మీటరు) పెట్టి చూడందే వాడకండి.

పసుపెక్కిన మూతని పెరాక్సైడుతో తెల్లబరిచే పని వానలు వెళ్ళాక చూసుకోండి.

బొట్టు పెట్టాలంటే మూత మీద, పొడి కుంకుమతో. గంధపు నీళ్ళు కీబోర్డు సందుల్లోకి పోతాయి.

అన్నీ అయ్యాక మొదటిసారి స్విచ్ వేసేది పగలు, తలుపులు తీసి, ఇంకొకరు మెయిన్ స్విచ్ దగ్గర ఉండగా. పది సెకన్లు చూసి తీసేయండి. వేలు వెనక భాగంతో చిప్పులు తాకండి, ఏదైనా చుర్రుమంటే అక్కడే ఆగండి. తర్వాత ఒక నిమిషం, తర్వాత పది. మొదటి గంట గది వదలకండి. కాఫీకి లేవాలంటే ముందు ప్లగ్గు పీకి లేవండి.